స్టేజీకి స్టేజీకి నడుమ

దేవరకొండ దాటినంక
వెనక సీటు మీదికెల్లి మౌలాలి "హోల్డాన్" అన్నడు.
బ్రేకు నొక్కిన.
కాలు ఇంకా పాత మాటే వింటది.
"ఏం లేదు, ఊకె అన్న" అని నవ్విండు.
ఇద్దరం రిటైరై నాలుగేండ్లు.
మా కిందున్నది బస్సు గాదు,
మా చిన్నల్లుడు మూలకేసిన మోపెడ్డు.

ఇరవై రెండేండ్లు ఇదే తొవ్వ.
నాకు తెల్సినయి గుంతలు, మలుపులు,
డిండి కాడ ఎదురెండ కండ్లల్ల గుచ్చే జాగ.
మౌలాలికి తెల్సినయి మనుషులు, చిల్లర.
ఊర్ల పేర్లు గూడ ఆయన నోట్ల పైసలే.
"తొమ్మిది రూపాయలొచ్చింది" అంటడు,
"పదకొండున్నర కాడ ఛాయ్ తాగుదాం."
రేట్లు ఎన్నిసార్లు పెరిగినయో,
ఆయన ఊర్లు మాత్రం పాత ధరకే ఉన్నయి.

పక్కకు చూసుడు మా ఇద్దరికీ అలవాటు లేదు.
నేను ముంగటికి, ఆయన లోపలికి.
ఇయ్యాల చూస్తున్నం.
రోడ్డు అంచుకు గునుగు నురుగు కట్టింది.
పత్తి చేన్ల ఆడోళ్లు ఒడి సంచులు నిండి
నెలలు నిండినట్టు మెల్లగ అడుగేస్తున్నరు.
గుట్ట మీద గుండు, ఆ గుండు మీద ఇంకో గుండు.
"టాపు మీదికి సామాను ఎక్కిచ్చి
దించుకోకుండ దిగిపోయిండెవడో"
అన్నడు మౌలాలి.
నవ్వుకుంట ఒక గుంత తప్పిచ్చుడు మర్శిన.

బల్మూరు దాటినంక గంప ముందట చెంచు ముసలామె.
"కన్ను విచ్చినయి ఇయ్యాల తినుండ్రి,
ముయ్యినయి ఎల్లుండి" అని
సీతాఫలాలు రెండు కుప్పలు చేసి ఇచ్చింది.
రెండు కుప్పలూ ఒక్క సంచిలనే పోసిండు మౌలాలి.

లింగాల అవతల స్టేజీ లేని జాగ ఒకటుంది.
ఒక కానుగ చెట్టు, ఒరిగిన కిలోమీటరు రాయి.
"అగో, నీ చెట్టు" అన్న.
ఒక ఏడాది, ఎండకాలం పొడుగూత,
ఫస్టు బస్సు సరిగ్గ ఈడికొచ్చేసరికి "హోల్డాన్" అనేటోడు,
దిగి చెట్టెనకకు పోయేటోడు.
షుగరా నీకు, అని తిడితి.
బస్సంత నవ్వేది. అందరికన్న గట్టిగ నేను.

గింజ ఉమ్మి అన్నడు మౌలాలి:
"షుగరు నాకప్పుడు లేదు. ఇప్పుడు గూడ లేదు.
ఈదమ్మొదినె దవాఖానల ఉండె గద.
నువ్వు రాత్రంత ఆమె మంచం కాడ,
తెల్లారితె స్టీరింగు కాడ.
నీ నెత్తి మీది అద్దం,
నువ్వు మమ్ముల చూసెటందుకు పెట్టింది,
అండ్ల నాకు నీ కండ్లు కనబడేటియి.
ఈ చెట్టు కాడికొచ్చేసరికి రెప్పలు వాలేటియి.
చెప్తె వింటివా నువ్వు?
పోయి చెట్టెనక ఊకె నిలవడేటోన్ని,
చీమలను లెక్కవెట్టుకుంట.
నువ్వు స్టీరింగు మీద తల పెట్టేటోనివి.
ఐదు నిమిషాలు. ఒక్కోసారి పది."

మోపెడ్డు ఇంజను చల్లారుకుంట టిక్కుటిక్కుమన్నది.
ఇంకో కాయ ఇచ్చిండు. తిన్న.
ఈదమ్మ పేరు ఆ తొవ్వల
అంతకు ముందు ఎవ్వరం తియ్యలే.

సోమశిల కాడ నీళ్లు నిండుగున్నయి.
పడవాయన పైసలు తీసుకున్నడు, ఏం ఇయ్యలే.
మౌలాలి చెయ్యి చాపి అట్లనే నిలవడ్డడు.
"టికెట్?"
"మునిగితె అడుగు, ఇస్త" అన్నడు పడవాయన.
అవతలి ఒడ్డు దాక నవ్విండు మౌలాలి,
నేను నీళ్లనే చూసిన.

తిరుగు తొవ్వల బండి తనే నడుపుత అన్నడు.
లైసెన్సేది?
"గేర్లు లేని బండికి లైసెన్సేందిర?"
వెనక కూసున్న, సంచి ఒడిల పెట్టుకొని,
మొదటిసారి.
వెనక కూసుంటె తొవ్వ కనబడదు,
మెడ కనబడ్తది.
కాలరు మీద చెమట గీత, తెల్లబడ్డ వెంట్రుకలు,
చెవి వెనక ఎప్పటిదో ఒక మచ్చ.
ఇరవై రెండేండ్లు ఆయన చూసింది
గిదే గావచ్చు, నాది.

మలుపు కాడ లేని బ్రేకును నా కాలు నొక్కింది.
కాలు తీసిన.
"రైట్, రైట్" అన్న.
గాలికి ఇనబడలే గావచ్చు.