మూరకి రాని పువ్వు

కడియపులంకలో లోడెక్కని మొక్క ఇది.
సంచీ చిరిగి, మట్టంతా రాలిపోయి
లారీ చక్రం పక్కన వేళ్ళు బయటేసుకు పడుంటే
మేస్త్రీ గనిరాజు "పారెయ్యవే" అన్నాడు.
పారెయ్యడానికే తీశాను.
సాయంత్రం చూస్తే క్యారేజీ సంచిలో ఉంది.

మా పెరడు బంకమన్ను.
వానొస్తే కాలు వదలదు, ఎండొస్తే గునపం దిగదు.
గట్టులా ఎత్తు చేసి, రెండు తట్టల గోదారి ఇసుక,
తట్టెడు కొబ్బరిపొట్టు, చివికిన పెంట కలిపి
మెడ మట్టిలో మునగకుండా పాతాను.
మెడదాకా మునిగాక
మొక్కయినా, అప్పుల్లో మా బావైనా
లేవడం కష్టం.

డేలిలీ అంటారని చెప్పాను మేనత్తకి.
"లిల్లీయా? ఏదీ, వాసన?" అంది.

నూకరత్నం అత్త నలభయ్యేళ్ళు
రావులపాలెం బస్టాండులో పువ్వులమ్మింది.
కుడి బొటనవేలి గోరే కత్తెర.
మోచెయ్యే కొలబద్ద,
బేరమాడినవాళ్ళకి
కాస్త పొట్టయ్యే మోచెయ్యి.
ఇప్పుడు చూపు మసక. వేళ్ళకి మాత్రం ఇంకా కళ్ళున్నాయి.

తొలకరికి మొదటి కాడ లేచింది.
మొదటి పువ్వు, కోసిన బొప్పాయి రంగు,
గొంతులో ఇంత పసుపు.
అత్త చేతిలో పెడితే తిప్పి తిప్పి తడిమింది.
"కాడ బోలు. దండకి ఆగదు.
జడలో పెడితే గుమ్మం దాటేలోపు వాలిపోద్ది.
మూరకి రాని పువ్వు ఎందుకే నీకు?"

పొద్దుగూకేసరికి అది
తడి రుమాలులా ముడుచుకుంది.
నాకు జవాబు దొరకలేదు.

శ్రావణంలో ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక.
మురుగు కోడు ఎగదన్ని
పెరట్లో మోకాలిలోతు నీళ్ళు, రెండు రోజులు.
నీళ్ళు తీశాక ఆకుల నిండా బురద,
ఆ వెనకే తుప్పులాంటి పొడి,
ముట్టుకుంటే వేలికి నారింజ రంగు.
రాత్రిళ్ళు టార్చి వేసి నత్తల్ని ఏరాను.
జానెడు మిగిల్చి ఆకులన్నీ కోసేశాను.
కోసినవి ఎరువుగుంటలో వెయ్యకుండా
దూరంగా కాల్చాను.
చచ్చిందనుకున్నాను.

భాద్రపదం చివర్లో ఒక తెల్లారి
పెరట్లో పీట చప్పుడు.
అత్త మొక్క ముందు కూర్చుని
కాడ వెంట వేళ్ళు నడిపిస్తోంది.
మెత్తగా తగిలినచోట గోరు ఆగుతుంది,
టిక్.
నిన్నటి పువ్వు ఒళ్ళో పడుతుంది.
పక్కనే నిగనిగలాడే మొగ్గని
గోరు తాకను కూడా తాకలేదు.

"నిన్నటివి ఆరు" అంది, నావైపు చూడకుండా.

"ఒక్కరోజే అత్తా, పాపం."

"సాయంత్రం ఆరింటికి
గంపలో మిగిలినవన్నీ ఒక్కరోజు పువ్వులేనే.
మల్లేంటి, కనకాంబరం ఏంటి!
ఆఖరి బస్సు పోయాక నీళ్ళు చల్లినా లేవవు.
దీనిదే నయం,
అమ్ముడవ్వాలన్న బెంగ లేదు."
ఒళ్ళోవి దులిపి లేచి
గుమ్మం దగ్గర ఆగింది.
"రేపటికెన్నున్నాయో చూడు."

రేపటి లెక్క అడగడం
ఆవిడ నోట అదే మొదలు.

మూడేళ్ళకి దుబ్బు ఒత్తయిపోయి పూత తగ్గింది.
కార్తీకంలో గునపంతో ఎత్తి,
వేళ్ళ మట్టి బకెట్లో కడిగి,
చేతులతో విడదీస్తే పదకొండు పిలకలు.
రెండు గనిరాజుకి ఉంచాను, సిగ్గుపడతాడేమోనని.
మిగతావి గట్టు పొడుగునా నాటుదామంటే
ఎంతెంత దూరమో తేలలేదు.

అత్త పీట జరుపుకుని
మోచెయ్యి నేలకి ఆనించింది.
"ఇక్కడొకటి."
వేలి కొస దగ్గర నేను గుంట తీశాను.
మళ్ళీ మోచెయ్యి. మళ్ళీ గుంట.
తొమ్మిదోదాని దాకా అలాగే
మట్టిలో పాక్కుంటూ వెళ్ళింది,
మూరకొకటి.

బేరం లేదుగా,
ప్రతిసారీ చెయ్యి పూర్తిగా చాపింది.