పదిహేడు కిలోమీటర్ల సున్నా

"మెట్లొద్దు, కొండలొద్దు. చదునుగా నడవండి"
అన్నాడు బరంపురం డాక్టరు
నా మోకాలి ఫొటోని కిటికీ వెలుతురుకి ఎత్తి.
చదునుకేం కరువు,
బాహుదా సముద్రంలో కలిసే మా పేటలో?

తెల్లారగట్ల నాలుగున్నరకి
దానమ్మ తలుపు కొట్టింది.
భుజాన గడకర్ర, గడకర్ర చివర కొడవలి,
నడుముకి చిల్లుల గోనె.
"నా దారి గుండ్రం, టీచరమ్మా.
ఎక్కడ ఎత్తుకున్నానో అక్కడే దింపుతాను.
మజ్జిన కూచుంటానంటే మట్టుకు కుదరదు."

ముందు ఇసక.
మూడడుగులు వేస్తే ఒకటి పట్టుకుంటుంది,
చీటీపాటలో కమీషను లాగ.
రావణుడి మీసాల గడ్డి పిక్కల్ని గీరుతోంది.
దాని ముళ్లబంతులు గాలి ఎటంటే అటు
దొర్లుకుపోతున్నాయి.
"ఆటికి పనేటీ లేదు, మనకుంది" అని
దానమ్మ వాటిని దాటేసింది.

ఇసక దిబ్బలు దిగితే మొగలి డొంకలు.
వాసన ముందొచ్చి, చెట్టు తరవాత కనిపించింది.
కర్ర చాచి, మెలితిప్పి, ఒక్క లాగు.
పువ్వు కింద పడకముందే చెయ్యి అక్కడుంది.
"పొద్దున్న పది రూపాయలు. ఎండెక్కితే నాలుగు.
సాయంత్రానికి అడిగే నాథుడుండడు."
పూయని చెట్టు వైపు చూపించాను.
"అది ఆడది. వాసన మగదానికే.
దీనికి కాయలూ ముళ్లూ."
నవ్విందో, ఊపిరి తీసుకుందో తెలీలేదు.

తరవాత తుప్పల బయలు.
నాలుగు మైళ్లు నీడ అన్న మాటే లేదు.
తీతువు ఒకటి మమ్మల్ని తిడుతూ
తన గుడ్ల దగ్గర్నించి దూరంగా నడిపించుకుపోయింది.
నిరుడు దిబ్బ మీదున్న హద్దురాయి
దిబ్బ నడిచిపోయాక పక్కకి ఒరిగి పడుంది.
ఒక మొహాన ఒడియా అంకె, రెండో మొహాన ఏమీ లేదు.
దానమ్మ దాని మీద గోనె ఆనించి పువ్వులు సర్దుకుంది.
"నా ఓటు ఇటు, మా చెల్లి ఓటు అటు.
వల ఒకటే."

జీడితోట దాటి సరుగుడులోకి వచ్చాం.
పైలిన్ యేడు పడిపోయిన మానులు
పడ్డట్టే ఉన్నాయి, తలలన్నీ పడమటికి.
కింద సూదుల పరుపు. అడుగు చప్పుడు మింగేస్తుంది.
అంత నిశ్శబ్దంలో
టక్.
టక్.
నా మోకాలే అనుకున్నాను.
ఆగాను.
చప్పుడు ఆగలేదు. నా ముందు,
గోనె బరువుకి ఒక పక్కకి వంగి,
ఎప్పటి వేగంతోనే పోతోంది.

ఇంకో గంట ఏమీ మాట్లాడలేకపోయాను.

పేట కనబడ్డాక ఫోను తీశాను.
పదిహేడు కిలోమీటర్లు. ఎక్కింది తొమ్మిది మీటర్లు.
మా దారి తెర మీద చుట్టుకుపోయి ఉంది.
"ఏటది, సున్నా?"
"మా బళ్లో పిల్లలు చూస్తే ఠ అంటారు. ఒడియాలో ఠ ఇలాగే ఉంటుంది.
మనకైతే సున్నా.
ముందొక అక్షరం లేకపోతే పలకదు."
"నాకు రెండూ రావు. పువ్వులెన్నో సెప్పు."
నలభై మూడు.

పొద్దుటి మా అడుగులు ఇంకా ఉన్నాయి.
నా మడమ గుంటలో పీత ఒకటి ఇల్లు తవ్వి
పిడికెడు ఇసక బయట పోసుకుంది.
దానమ్మ అడుగులు ఎంత వెతికినా దొరకలేదు.

బట్టీ తాలూకు సాహు కుర్రాడు
మోటారు సైకిలు దిగకుండానే లెక్కపెట్టి
ఆరు వాడిపోయాయని పక్కన పారేశాడు.
అందులో ఒకటి నా సంచిలో కుక్కింది దానమ్మ.
నాతో డాక్టరు దగ్గరికి రమ్మన్నాను.
"పువ్వు అయిపోనీ" అంది.
పువ్వు ఏడాదికి మూడు కాపులు.

ఇంటికొచ్చి దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక
డాక్టరిచ్చిన పెద్ద కవర్లో పెట్టాను.
ఇప్పుడు ఆ కవరు ఎప్పుడు తెరిచినా
నా ఎముక
మొగలి వాసనేస్తోంది.