నూటిరవై కౌంటు

రాత్రి రెండున్నరకి ఫోన్ మోగితే
అమ్మోనియా పెరిగిందనో, రొయ్య మేత ముట్టలేదనో
రైతులు చేస్తారు నాకు.
అల్లూరు రోడ్డులో మందుల షాపు వెనక
నీళ్లు పరీక్ష చేసే కొలువు నాది.
సీసా ఎత్తి పట్టుకుని రంగు చూసి
ఏ గుంట ఎన్నాళ్లు బతుకుద్దో చెప్పగలను.

పెంచల్, నువ్వు మాత్రం
నీళ్ల గురించి చెయ్యవు.
"కామాక్షీ, ఇదే ఆఖరాట" అంటావు.
వెనక ఏరియేటర్ చప్పుడు వినపడదు.
డీజిల్ డబ్బులు రమ్మీలోకి పోయాయని
అప్పుడే తెలిసిపోద్ది నాకు,
చీకట్లో రొయ్యలు పైకి తేలి
గాలికోసం కొట్టుకుంటుంటాయనీ.

అయినా పంపిస్తా.
మొదటిసారి రెండువేలు, ఉగాదికి ఏడు,
మొన్న చీటీ పాడి పద్దెనిమిది.
డబ్బు చేరినట్టు టింగుమన్నప్పుడు
నా ఒంట్లో ఏదో సర్దుకుంటాది.
అదేందో ఏ సీసాలోనూ పట్టి చూడలేదు.

అందరూ నిన్నొక్కణ్ణే తిడతారు.
మా అక్కయితే
"వాడు జూదగాడు, నువ్వు ఎర్రిదానివి" అనేసి
అంట్లు తోముకోను పోయింది.
అంత తేలిగ్గా తేల్చమాకు అక్కా.
వాడు ముక్క పడుద్దని ఎదురుచూస్తాడు,
నేను వాడు ఓడిపోవాలని ఎదురుచూస్తా.
గెలిచిన రోజు వాడు ఫోన్ చెయ్యడు.

మైపాడులో ఆ సాయంత్రం గుర్తుందా?
పదకొండు వేలు గెలిచి
నాకు వేపుడు చేపల పొట్లం, నీకు కొత్త కళ్లద్దాలు.
ఇసకలో ఫోన్ బోర్లా పెట్టి
గంటన్నర నాతోనే ఉన్నావు.
నాకు ఊపిరాడలా.
నువ్వేమో
ఎవరి అవసరమూ లేనోడి మాదిరి నవ్వుతుండావు.

తెల్లమచ్చ కనపడ్డ రోజు
నేనే చెప్పా, ఇంక ఆగితే ఏం మిగలదని.
రాత్రికి రాత్రి వలలేసి పట్టారు.
ఐసు పెట్టెల్లో నూటిరవై కౌంటు.
ముప్పైకి రావాల్సినవి,
గాజు మాదిరి, లోపలి నల్ల నరం కనపడతా.
తూకం దగ్గర తలొంచుకుని నిలబడ్డావు.
నీ భుజమ్మీద చెయ్యేసి నేను
లోలోపల, చెప్తే నమ్ముతావా,
సంతోషపడ్డా.

ఆ రాత్రే నీ నెంబరు తీసేశా.
తీసేస్తే పోయేదా,
పది అంకెలూ ఎక్కంలాగా నోటికొచ్చు.

ఇప్పుడు డ్యూటీ దిగినాక స్కూటీ
ఇసకపల్లి కట్ట మీదకి దానంతటదే తిరుగుద్ది.
గుంట ఎండబెట్టి సున్నం చల్లుండావు.
నెర్రెల్లో ఒక రబ్బరు చెప్పు, నీదే అనుకుంటా.
నేల బాగా కాలింది,
ఈసారి పిల్ల వేస్తే నిలబడుద్ది.
ఆ మాట నీకు చెప్పాలని
ఫోన్ తీసి, మళ్లీ బ్యాగులో పెట్టుకున్నా.

రెండున్నరకి మెలకువొస్తాది, మోగకపోయినా.
ఫోన్ బోర్లా తిప్పి పడుకుంటా,
అంచుల్లోంచి వెలుతురొస్తే
కనపడేలాగా.