లోపలి మలుపు

మిర్యాలగూడ బైపాసుకు ఆనుకొని
మట్టయ్య షెడ్డు.
ఆదివారం పొద్దుగూకంగనే
బేరింగులు కిరోసిన్ల నానేసి
డబ్బా టీవీ ముంగట కూసునేటోళ్లం.

కారు మలుపుల పడితే
జాన్‌పాషా భుజం ఒరిగేది.
వానికి డ్రైవర్ల పేర్లు రావు,
మోత వింటే
ఏ రంగు బండో చెప్పేటోడు.

ఇయ్యాల తెర మీద తెల్ల అక్షరాలు:
"ఈ ఛానల్ మీ ప్యాకేజీలో లేదు."
కేబుల్ బిక్షం ధర చెప్పిండు.
మట్టయ్య నోట్లె నోట్లె
పంక్చర్లల్ల లెక్కగట్టి
రిమోట్ బల్ల మీద బోర్లేసిండు.

ఎవ్వలం లేవలే.
బయట మిల్లుకు వడ్ల లారీ పోతున్నది,
మలుపుకాడ గేరు దించింది.
కండ్లు మూసుకొనే జాన్‌పాషా:
"ఆలస్యం చేసిండన్నా.
లోపలి నుంచి ఇంకోడు దూరుతడు."

సూస్తే, నిజంగనే
ఆటో.