ఇరవై రెండు టైర్లు

మ్టిటో అండేయిలో రాత్రి పదకొండు.
టీ కొట్టు వరసన నలభై లారీలు
వేడి దించుకుంటూ నిలబడ్డాయి.
మొంబాసా రేవులో ఎత్తిన గోధుమలు నా వెనక,
మలాబా సరిహద్దు ఇంకా ఎక్కడో.

శనివారం పొద్దున్నకల్లా జవాబు కావాలన్నాడు బవజీర్.
"పద్దెనిమిదేళ్లు తోలావు, ఇక నీదే చేసుకో మ్వాకియో.
నాలుగు లక్షలు ముందు, మిగతాది ముప్పై నెలలు."
తాళం చెవి నా వైపు జరిపాడు,
టీ గ్లాసు జరిపినంత తేలిగ్గా.

వేబిల్లు వెనక లెక్క వేస్తున్నాను.
డీజిలు. ఇన్సూరెన్సు.
మరియాకానీ కాటా దగ్గర కాలిపోయే గంటలు.
టైర్లు ఇరవై రెండు.
జీతగాణ్ణిగా ఉన్నన్నాళ్లూ అవి వట్టి టైర్లు,
ఈ రాత్రి ఒక్కోటీ ఒక్కో నోరు.
కాగితం అయిపోయింది, ఖర్చు అవలేదు.
అంచున నిలువుగా ఇరికించాను:
క్లీనరు ఒటియేనో జీతం.
వాడు సీటు వెనక గురకపెడుతున్నాడు,
తన పేరు లెక్కలోకెక్కిందని తెలీక.

రోడ్డుకి అటూ ఇటూ సావో అడవి.
ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు
ఆ చీకట్లో ఎక్కడో మేస్తుంటాయి.
వాటికి మేత అడవి పెడుతుంది.
నా ఏనుగుకి నేనే పెట్టాలి.

చెరుయోట్ కూడా ఇలాగే కొన్నాడు.
లారీ నుదుటి మీద కూతురి పేరు రాయించాడు, పసుపు రంగులో.
రెండో వానాకాలం గేరుబాక్సు పోయింది,
మూడోదానికి బ్యాంకు వచ్చింది.
ఇప్పుడు అదే లారీ తోలుతున్నాడు,
ఎవడికో, రోజుకూలికి.
కొత్త ఓనరు పిసినారి, రంగు డబ్బా కొనలేదు.
రోజూ కూతురి పేరు కిందనుంచే ఎక్కుతాడు, దిగుతాడు.

ఇందాక వకేషోకి ఫోను చేశాను.
వోయి సంతలో టమాటాలమ్మి
చీటీలో దాచింది లక్షా ఇరవై వేలు.
ఇస్తానంది. డబ్బు గురించి ఇంకో మాట లేదు.
"ఇన్నేళ్లూ లోడు ఆలస్యమైతే, రోడ్డు గోతులైతే
బవజీర్ని తిట్టుకుంటూ ఉగాలి తిన్నావు కదా,
రేపణ్ణించి ఎవర్ని తిడతావు?"
అని నవ్వింది.
నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఈ రాత్రి కూడా వోయి దాటాను, ఆగకుండా.
హైవే నుంచి మా ఇంటికి రెండు కిలోమీటర్లు.
బండిలో ఒక పెట్టె ఉంది, అగ్గిపెట్టెంత,
ఐదు నిమిషాలు ఆగితే చాలు,
ఆఫీసు నుంచి ఫోను మోగుతుంది.
అందుకే హారను కొడతాను, రెండు పొట్టివి, ఒక పొడుగు.
వకేషో దీపం ఆర్పి వెలిగిస్తుందట.
రోడ్డు మీదనుంచి అది కనపడదు.
పద్దెనిమిదేళ్లుగా
తను చెబితే నమ్ముతున్నాను.

సొంతదైతే ఆగొచ్చు.
బోల్టు ఊడదీసినట్టు ఆ పెట్టె ఊడదీసి
చింతచెట్టు పక్కన మలుపు తిప్పి
ఇంటిముందు ఇంజను ఆపేయొచ్చు.
సొంతదైతే,
నెలాఖరు వాయిదా పక్కసీట్లో కూచుంటే,
ఆగగలనా?

వేబిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాను.
పడుకుందామంటే ట్రెయిలరు కిందనుంచి బుస్సుమని సన్నని చప్పుడు.
బ్రేకు గాలి ఎక్కడో కారుతోంది.
నిన్నటిదాకా అది
రిపోర్టు పుస్తకంలో ఒక వాక్యం,
ఎల్డొరెట్ షెడ్డులో ఎవడో చదివేది, చదవనిది.
టార్చి పట్టుకుని దిగాను.
ఎర్రదుమ్ములో వెల్లకిలా దూరి,
చెవితో వెతికి,
వేళ్లతో తడిమి పట్టుకున్నాను.

నట్టు అర చుట్టు తిరిగింది.
చప్పుడు ఆగింది.
లేచి, ఎందుకో,
ఇరవై రెండింటి మీదా ఒక్కొక్కసారి చెయ్యేసి చూశాను,
జ్వరమొచ్చిన పిల్లల్ని చూసినట్టు.
పద్నాలుగోది కొంచెం వేడిగా ఉంది.

నేనింకా ఏమీ ఒప్పుకోలేదు.
ఇవాళ గురువారమే.