వందో నంబరు

బోర్డు మీద రెండు గీతలు గీశాను.
ఒకటి మూల నుంచి బయల్దేరి
వెనక్కి చూడకుండా పైకి పోయేది.
ఇంకోటి వంపు తిరిగి, దిగీ దిగీ
అడుగుగీతని తాకనే తాకనిది.
అనులోమం, విలోమం అన్నాను.
పదిమంది ఒక నుయ్యి ఆరు రోజుల్లో తవ్వితే
అరవైమందికి ఎన్నాళ్లు?
"ఒక్కరోజు సార్!"
తొమ్మిదో తరగతి 'బి' అంతా ఒకటే గొంతు.
మూడో బెంచీ చివర హైమావతి మాత్రం
"అరవైమంది ఒక్క నూతిలో పడతారేటి సార్?" అంది.
నవ్వులు. ఈలోగా గంట కొట్టారు.
జవాబు నా దగ్గర సుద్దముక్కంత కూడా లేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు పిల్ల రాలేదు.
ఐదోనాడు సాయంత్రం
పొందూరు సాలీల వీధిలో
ఇల్లు వెతుక్కుంటూ పోయాను.

అరుగు మీద వాళ్ల మామ్మ దాలమ్మ
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది.
సూదుల్లాంటి ఆ పళ్లు
ఏ ఏట్లో ఏం నమిలాయో,
ఇప్పుడు కొండపత్తిలో నలుసులు ఏరుతున్నాయి.
"కూకోండి బాబూ. పిల్లకి జొరం. తగ్గింది. రేపంపుతాను."

అరటి డొప్పలోంచి ఏకు తీసింది.
రాట్నం ఒక్క చుట్టు తిరిగితే
కదురు ఎన్ని చుట్లో
లెక్కపెట్టబోయి ఓడిపోయాను.
చక్రం ఎంతో కదురూ అంత,
కదురెంతో పోగూ అంత.
మూల నుంచి బయల్దేరిన నా గీత
ఆవిడ ఎడమచేతి వేళ్లలోంచి
భుజం దాకా సాగుతోంది.

"వందో నంబరంటే ఏమిటమ్మా?"
"తూకం ఒకటే బాబూ. ఆ తూకంలో
ఎన్ని చిలపలు పడితే అన్నో నంబరు.
నంబరు పెరిగితే నూలు సన్నం."
నేను పావుగంట వాయించిన విలోమాన్ని
ఆవలిస్తూ చెప్పేసింది.
"అలా సన్నబడుతూ పోతే చివరికి?"
తాకని గీత సంగతి తెలిసినవాడి గర్వంతో అడిగాను.
"సివరికేటి? తెగిపోద్ది."

దుప్పటి కప్పుకునే హైమావతి
రఫ్ నోటు తెచ్చి పక్కన కూర్చుంది.
చిలపలెన్ని, నంబరెంత,
రెండూ చూసి గానీ ఖాదీ సంఘంలో కూలి కట్టరట.
"రెంటి మీదా ఆధారపడితే ఏటంటారు సార్?"
"మిశ్రమానుపాతం. మీ పుస్తకంలో లేదులే."
లేనిదాన్ని పెన్సిల్ నాకి మరీ రాసుకుంది.
యాభయ్యో నంబరైతే రోజుకి నాలుగు చిలపలు.
నాలుగు యాభైలు రెండు వందలు.
వందో నంబరైతే రెండే చిలపలు.
రెండు వందలు, రెండు వందలే.
ఆపైన హెచ్చవేయాల్సింది సంఘం వాళ్ల రేటు.
అది ఆఖరుసారి ఎప్పుడు మారిందో
మామ్మకి గుర్తులేదు.
స్థిరాంకం అని నేను పైకి అనలేదు.

"రెండూ ఒకటే కద మామ్మా!
కళ్లు పోగొట్టుకుని వందెందుకు?
యాభయ్యే వడకరాదేటి?"

రాట్నం ఆగింది.
దాలమ్మ పోగుని బల్బు వెలుగుకి అడ్డంగా పట్టింది.
నాకేమీ కనపడలేదు.
వేళ్ల మధ్య వెలుతురు కొంచెం వణికింది, అంతే.
"ముతకది ఎవులైనా వడుకుతారు,"
అని మళ్లీ చక్రం మీద చెయ్యేసింది.

మర్నాడు హాజరు పిలిచాక
అరవైమందినీ నూతిలోంచి పైకి రమ్మని
లెక్క తుడిచేశాను.
మోచేతి దగ్గర చొక్కాకి
తెల్లగా ఏదో అంటుకుని ఉంది.
సుద్దపొడి అనుకుని దులపబోయి
మూడో బెంచీ వైపు చూశాను.