రెండో పని

చిట్టినగర్ కొండ మీద
మా ఇల్లు నూట పద్దెనిమిదో మెట్టు.
పొద్దున అయిదుంపావుకి కింద పంపు దగ్గుతుంది.
ముందు గాలి, తర్వాత తుప్పు,
ఆ తర్వాతే నీళ్ళు.

చంకనొక బిందె, చేతిలో ఒక బకెట్టు.
అరవయ్యో మెట్టు మీద ఊపిరికి ఆగి చూస్తే
ఇళ్ళ సందుల్లోంచి కృష్ణ కనబడుతుంది,
అంత పొడవునా పడుకొని.
ఒక్క మెట్టూ ఎక్కదు మహాతల్లి.
ఎక్కాల్సింది నేనే.

అందుకే
నా నడుం విరగ్గొట్టి పైకొచ్చిన నీళ్ళని
ఒక్క పనికే దిగిపొమ్మనడానికి మనసొప్పదు.
బియ్యం కడిగి గిన్నె వంచబోతే
చెయ్యి దానంతటదే ఆగుతుంది:
ఉండు, నీకింకో పనుంది.

పెయింటు డబ్బాల్లో గోంగూర.
పగిలిన సింకులో పుదీనా.
మా ఆయన పాత హెల్మెట్లో ఒక టమాటా మొక్క.
ఆయన పేరు ఏడుకొండలు.
ఈ ఒక్క కొండకే మూడుచోట్ల కూర్చుంటాడు.

మొదట్లో తెలీక
బట్టలుతికిన నీళ్ళు మిరపనారుకి పోశాను.
మూడో నాటికి తలలు వాల్చేసింది.
పంపుల జకరయ్య వచ్చి, డబ్బా అడుగున చిల్లి పెట్టి
కంకరా ఇసకా బొగ్గూ వరసగా నింపి,
"ఇందులోంచి దిగినా సరే, ఆకుకూరకి వద్దక్కా.
అరటికీ చేమకీ పొయ్యి, అవి ఓర్చుకుంటాయి" అన్నాడు.
నాకు అరటెక్కడిది?
ఉన్నదంతా జానెడు పిట్టగోడ.
చేమ తాగ్గా మిగిలిందీ, స్నానం నీళ్ళూ
బయట కాలవలోకే పోయేవి.

కింద నూట రెండో మెట్టు ఫిలోమినమ్మది.
ఒకరోజు చీపురు పట్టుకునే పైకొచ్చింది.
"నీ స్నానం నా గుమ్మంలోకొస్తోంది!"
అటేడు తరాలూ ఇటేడు తరాలూ
ఆ పూట మెట్ల మీదే నిలబడ్డాయి.
పౌరుషం పొడుచుకొచ్చింది నాకు.
అరకేజీ సిమెంటు తెచ్చి కాలవకి అడ్డం కొట్టాను.
ఇక చుక్క కూడా దిగనిస్తే ఒట్టు.
డ్రమ్ములో పట్టి, గిన్నెతో ముంచి,
బండ కడిగి, చేమకి పోసి,
మళ్ళీ బండ కడిగి...
నాలుగు నెలలు మాటల్లేవు.

రోళ్ళు పగిలే కార్తె వచ్చింది.
కొండరాయి చెప్పుల్లోంచి కాలుస్తోంది.
మిట్టమధ్యాహ్నం
పదహారు మెట్లూ ఎక్కి వచ్చి నిలబడింది ఫిలోమినమ్మ.
నేను కొంగు బిగించాను.
ఆవిడ చేతిలో చీపురు లేదు,
అంచులు మాడిన అరిటాకు ముక్క ఉంది.

"నీ నీళ్ళు రావటం లేదేం?"

వెళ్ళి చూశాను.
ఆవిడ వెనక గోడకీ కొండకీ మధ్య, మూరెడు సందులో
ఒక అరటి.
గెల సగం ఊరి, ఆగిపోయి ఉంది.
"దీనికి నేనెన్నడూ చెంబుడు పొయ్యలేదు.
మొండిది, తనే బతుకుతోందనుకున్నా" అంది.
ఇద్దరం ఆ చెట్టు మొదలు వైపే చూశాం,
ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా.

సిమెంటు పగలగొట్టడానికి రెండు గంటలు పట్టింది.
వేసినప్పుడు పావుగంటే.
జకరయ్య పాత గొట్టం ఒకటి తెచ్చి,
గుమ్మం తప్పించి, గోడవారగా దింపాడు.
కూలికి చేపల పులుసుతో భోజనం, ఆవిడ ఇంట్లో.
నేను గోంగూర పచ్చడి పట్టికెళ్ళాను.
తప్పెవరిదో ఎవరూ ఎత్తలేదు.

గెల తయారయింది, అంత పెద్దదేం కాదు.
మూడు అత్తాలు మాకు పైకొచ్చాయి.

ఇప్పుడు ఆదివారాలు
కుంకుడుకాయ కొట్టి తలంటుకుంటుంటే
గొట్టంలో నీళ్ళు గలగలా దిగుతాయి.
ఆ వెనకే కిందనుంచి కేక:
"ఇవాళ నా అరటికి తలంటా?"

చెంబుడు నీళ్ళు లెక్కపెట్టుకునే దాన్ని,
నా ఒంటికి అక్కర్లేకపోయినా
ఇంకో చెంబు పోసుకుంటాను.